పొట్టి లింకుల సారు

మా బడిలో లెక్కల సారుకు పిల్లలు పెట్టిన పేరు పొట్టి లింకుల సారు. ఆ పేరు ఆయన చెవిన పడింది. పడ్డాక సంతోషించాడు కూడా. పిల్లలు తన పనిని గుర్తించారని స్టాఫ్‌రూంలో నలుగురికీ చెప్పుకున్నాడు. వెక్కిరింతకూ మెప్పుకూ తేడా తెలియని మనిషి చేతిలో పదో తరగతి పెట్టడం ఏమిటని నాకు అనిపించింది కానీ, అప్పటికి నవ్వి ఊరుకున్నాను.

నేను గోదావరిఖనిలో సర్కారు బడిలో సోషల్ చెబుతాను. పుట్టి పెరిగింది కూడా ఇక్కడే. మా బాపు భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లయ్యాక కూడా ఈ ఊరు దాటిపోలేదు. అందుకని మా బడికి వచ్చే పిల్లల ఇళ్లు ఎట్లా నడుస్తాయో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. లెక్కల సారు ఇక్కడివాడు కాదు. జ్యోతినగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని స్కూటరు మీద వచ్చిపోతుండేవాడు. బదిలీ మీద వచ్చిన కొత్తలో మంచివాడిగానే కనిపించాడు. బోర్డు మీద లెక్క చేసి చూపించేవాడు. అర్థం కాకపోతే మళ్లీ చేసేవాడు. ఆయనను పాడుచేసింది ఒక ట్రైనింగ్.

ఎండాకాలం సెలవుల్లో మమ్మల్నందరినీ ఒక ఏసీ హాలుకు పిలిచారు. రామగుండం ఎండల్లో ఏసీ ఉందంటే టీచర్లు ఏ ట్రైనింగుకైనా వస్తారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్ర శిక్షకుడు బారెడు లింకును జానెడు చేయడం ఎట్లాగో చెప్పాడు. ఒక పెట్టెలో పెద్ద అడ్రసు వేయాలి, మీట నొక్కాలి, చిన్న అడ్రసు బయటికి వస్తుంది. అంతే విద్య. దానికి పొద్దంతా పట్టింది. మధ్యలో తెర మీద చాలా బొమ్మలు వచ్చాయి. ఇరవై ఒకటో శతాబ్దం అన్న మాట చాలాసార్లు వినిపించింది.

చివర్లో ఏమైనా సందేహాలున్నాయా అని అడిగాడు. నేను లేచి, పెద్ద అడ్రసు చూస్తే అది ఎక్కడికి పోతుందో కొంతైనా తెలుస్తుంది కదా, ఈ చిన్నదాన్ని చూసి లోపల ఏముందో పిల్లలకు ఎట్లా తెలుస్తుందని అడిగాను. టీచర్ ఇచ్చారు కాబట్టి నమ్ముతారు మేడం అన్నాడతను. హాలంతా బాగుందన్నట్టు తలలూపింది. లెక్కల సారు అందరికంటే ఎక్కువ ఊపాడు.

జూన్‌లో బడి తెరిచేసరికి ఆయన పూర్తిగా మారిపోయాడు. మా పెద్ద మేడం, అంటే హెడ్‌మాస్టరు, ఆయనను డిజిటల్ ఇన్‌ఛార్జిని చేసింది. ఆమెకు రిటైర్మెంటు దగ్గరపడింది. పోయే ముందు బడికి ఏదో ఒక పేరు రావాలని ఆశ. అందుకు ఖర్చు కాకూడదు, తనకు శ్రమ ఉండకూడదు. లింకులకు ఆ రెండు గుణాలూ ఉన్నాయి. దాంతో అన్ని సబ్జెక్టుల పాఠాలకూ లింకులు తయారుచేసే పని ఆయనకు అప్పజెప్పింది. ఆయన లెక్కలు చెప్పడం తగ్గించి లింకులు రాయడం మొదలుపెట్టాడు.

క్లాసులోకి వచ్చేవాడు. హాజరు తీసేవాడు. బోర్డు మీద ఒక పొట్టి లింకు రాసి, ఇంటికాడ తెరిచి చూడండి అని కుర్చీలో కూర్చునేవాడు. ఆ లింకులో ఉండేవి ఏవో పెద్ద అక్షరాలు, కొన్ని చిన్న అక్షరాలు, నడుమ అంకెలు. ఒక్కటి తేడా వచ్చినా తెరుచుకోదు. ఆయన చేతిరాతలో ఇంగ్లీషు ఎల్, ఐ, ఒకటి అంకె మూడూ ఒకే నిలువు గీత. ఇంగ్లీషు ఓ, సున్నా రెండూ ఒకటే. ముందు బెంచీలవాళ్లు ఒకరకంగా రాసుకునేవారు, వెనక బెంచీలవాళ్లు ఇంకోరకంగా. మర్నాడు సగం మంది తెరుచుకోలేదనేవారు. శ్రద్ధ లేకపోతే ఎట్లా తెరుచుకుంటుందని ఆయన తిట్టేవాడు. అక్షరాలు కూడా సరిగా నేర్పలేదని ఇంగ్లీషు సారును తిట్టేవాడు. తన నిలువు గీత గురించి మాత్రం ఎన్నడూ అనుమానం రాలేదు.

ఇంతా చేసి ఆ లింకులో ఏముందో చూద్దామని నా సబ్జెక్టువి కొన్ని తెరిచాను. చాలావాటిలో ఉన్నది మా పాఠ్యపుస్తకం పేజీల ఫోటో. పిల్లల సంచీలో సర్కారు ఉచితంగా ఇచ్చిన పుస్తకం ఉంది. అందులోని పేజీని ఫోటో తీసి, ఎక్కడో ఎక్కించి, ఆ బారెడు అడ్రసును పొట్టిది చేసి, బోర్డు మీద రాసి, పిల్లలతో రాయించి, ఇంటికి పోయి ఫోనులో తెరిచి చూడమంటున్నాడు. ఫోటో కొంచెం వంకరగా కూడా ఉంది. పక్కన ఆయన బొటనవేలు కనిపిస్తోంది.

ఖనిజాల పాఠానికి ఇచ్చిన లింకులో మాత్రం ఒక వీడియో ఉంది. ఏ దేశంవాళ్లో తీసిన బొమ్మల వీడియో. బొగ్గు ఎట్లా తవ్వుతారో ఇంగ్లీషులో చెబుతుంటారు. మా క్లాసు కిటికీలోంచి చూస్తే ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్టలు కనిపిస్తాయి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే బోర్డు మీది సుద్దపొడి రాలిపడుతుంది. క్లాసులో సగానికి పైగా పిల్లల తండ్రులు బొగ్గు పనిలోనే ఉన్నారు. వాళ్లకు ఈయన బొగ్గును లింకులో చూపిస్తున్నాడు. నేను ఆ పాఠం చెప్పేటప్పుడు లింకు సంగతి ఎత్తలేదు. మీ నాయినలను అడిగి రండి, బొగ్గుబాయిలకు దిగేటప్పుడు ఏమేం తీసుకపోతరో, ఏమేం తీసుకపోనియ్యరో అని చెప్పాను. పిల్లలు చెప్పిన వాటితో ఆ పీరియడు సరిపోలేదు.

తీసుకపోనివ్వని వాటిలో మొదటిది ఫోను. భూగర్భ గనిలోకి ఫోను తీసుకుపోరాదు, నిప్పు భయం. అందుకని డ్యూటీకి పోయే మనిషి ఫోను ఇంట్లోనే పెట్టిపోతాడు. చాలా ఇళ్లలో ఉన్నది ఆ ఒక్క మంచి ఫోనే. తండ్రి మధ్యాహ్నం పోయే సెకండ్ షిఫ్టులో ఉన్న వారం సాయంత్రాలు ఫోను పిల్లల చేతికి వస్తుంది. ఫస్ట్ షిఫ్టు వారం సాయంత్రానికి మనిషి ఇంట్లో ఉంటాడు, ఫోను ఆయన చేతిలో ఉంటుంది. మా పిల్లల హోంవర్కు తండ్రుల షిఫ్టులను బట్టి ఒక వారం అయ్యేది, ఒక వారం కాకపోయేది. ఈ సంగతి లెక్కల సారుకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, అట్లయితే తండ్రులందరికీ ఒక మీటింగు పెట్టి చైతన్యం తేవాలన్నాడు. షిఫ్టు అంటే ఏమిటో తెలియని మనిషి బొగ్గు పనివాళ్లకు చైతన్యం తెస్తానంటున్నాడు. ఇంకేం మాట్లాడతాం.

ఆయనను బాగా మత్తెక్కించింది లింకుల పాఠాలు కూడా కాదు, వాటి లెక్క. పొట్టి లింకు ఇచ్చే ఆ ఉచిత సైటు, దాన్ని ఎంతమంది నొక్కారో ఒక గీతల బొమ్మలో చూపిస్తుందట. ప్రొద్దున వచ్చీరాగానే ఆయన ఫోను తీసి ఆ బొమ్మను అందరికీ చూపించేవాడు. గీత పైకి పోతే ఆ రోజు టీ ఆయనదే. కిందికి పోతే క్లాసుకు పోయి పిల్లలను నిలబెట్టేవాడు. ఇంట్లో ఒకసారి నొక్కితే చాలదు, మళ్లీ మళ్లీ నొక్కండి, మీ అమ్మతో, పక్కింటివాళ్లతో నొక్కించండి అని చెప్పేవాడు. పిల్లలు నొక్కారు. ఆటలో నొక్కినట్టు నొక్కారు. గీత పైకి పోయింది. పెద్ద మేడం ఆ గీతను కాగితం మీద అచ్చు తీయించి తన గదిలో గోడకు అంటించింది.

ఒకరోజు ఆయన పరుగు లాంటి నడకతో స్టాఫ్‌రూంలోకి వచ్చి, విదేశాల నుంచి కూడా మన లింకులను నొక్కుతున్నారని చెప్పాడు. దేశాల పేర్లు చదివాడు. మన గోదావరిఖని పాఠాలను ప్రపంచం చదువుతోందన్నాడు. నాకు కంప్యూటరు పెద్దగా రాదు. కానీ తెలుగులో ఉన్న, వంకరగా తీసిన, బొటనవేలు అడ్డొచ్చిన పుస్తకం పేజీని యూరపులో ఎవరు చదువుతారన్నపాటి ఇంగితం ఉంది. అవి మనుషులు కాదని, లింకులను తడుముతూ తిరిగే యంత్రాలని తర్వాత తెలిసింది. ఆయనకు చెప్పినా నమ్మలేదు. అసూయ అనుకున్నాడు.

ఇదంతా నవ్వుకునే వ్యవహారంగానే ఉండిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు.

దసరా సెలవుల తర్వాత ఆ పాత సైటు ఇక ఉచితంగా లింకులు ఇవ్వనంది. ఆయన ఇంకో ఉచిత సైటు పట్టుకున్నాడు. పాఠాలన్నిటికీ దాంట్లో మళ్లీ కొత్త లింకులు చేశాడు. ఆ వారం పది రోజులూ క్లాసులో పాఠమే లేదు, బోర్డు నిండా లింకులే.

అప్పుడే పదో తరగతిలో ఒక అమ్మాయి బడికి రావడం మానేసింది. నెమ్మదైన పిల్ల. వాళ్లది ముస్లిం కుటుంబం, ఇంట్లో దక్కనీ మాట్లాడుతారు. తండ్రికి మార్కెట్ పక్క సందులో టూవీలర్ మెకానిక్ షాపుంది. నా స్కూటీ ఎప్పుడు మొరాయించినా ఆయన దగ్గరికే తోసుకుపోతాను. ఆ పిల్ల సోషల్లో రాసే జవాబులు నేను క్లాసుకు చదివి వినిపించేదాన్ని. జ్వరమేమో అనుకున్నాను. రోజులు గడిచినా రాలేదు. పక్కన కూర్చునే పిల్లను అడిగితే తల వంచుకుని, వాళ్ల ఇంట్ల ఏమో లొల్లి అయ్యిందట మేడం అంది.

ఆ సాయంత్రం బడి వదలగానే షాపుకు పోయాను. ఆయన ఎవరిదో బండి చక్రం విప్పుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. పాప ఎందుకు వస్తలేదని అడిగాను. చక్రాన్ని పక్కకు జరిపాడు, మళ్లీ ముందుకు జరిపాడు. ఆడపిల్ల ముచ్చట, బజార్ల చెప్పేది కాదు మేడం అన్నాడు. నేను కూడా ఆడదాన్నే, నాకు కూతురుంది, చెప్పమన్నాను.

షాపులోపలికి పోయి ఫోను తీసుకొచ్చాడు. వారం కింద ఒక సాయంత్రం ఫోను ఇంట్లో వదిలి నమాజుకు పోయి వచ్చాడట. వచ్చేసరికి ఫోను బిడ్డ చేతిలో ఉంది. దాంట్లో ఒక ఆడమనిషి బొమ్మ. ఒంటి మీద బట్ట లేనట్టే ఉంది. కింద, వీడియో కాల్‌లో మాట్లాడదాం రమ్మని పిలుపు. ఆ పిల్ల దాన్ని మూసేయాలని ఎక్కడెక్కడో నొక్కుతోంది. నొక్కినకొద్దీ ఇంకోటి తెరుచుకుంటోంది.

"స్కూల్ల ఇచ్చిన లింకే అని ఏడ్చింది మేడం" అన్నాడు. "సార్లు గిసుంటిది ఇస్తరా, అబద్ధం చెప్తున్నవా అని నేను కొట్టిన. బగ్గ కొట్టిన."

ఆ మాట అన్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. చేతిలో ఉన్న గుడ్డను మడతపెడుతున్నాడు. టీచరు ఇచ్చాడు కాబట్టి నమ్మిన పిల్ల ఒకతి, టీచరు అట్లాంటిది ఇవ్వడని నమ్మిన తండ్రి ఒకడు. ఇద్దరి నమ్మకమూ ఒకే మనిషి మీద. ఆ మనిషి ఆ సమయానికి జ్యోతినగర్‌లో గీతల బొమ్మ చూసుకుంటూ ఉంటాడు.

ఏ పాఠం లింకో చూపించమన్నాను. చూపించాడు. త్రికోణమితి. నా ఫోనులో అవే అక్షరాలు ఒక్కొక్కటిగా కొట్టాను. పాఠం రావడానికి ముందు నడుమ ఆ ఉచిత సైటువాళ్ల ప్రకటనల పేజీ ఒకటి వచ్చింది. కాసేపు ఆగమంది. ఆ పేజీ నిండా పేకాట యాప్, అడగ్గానే అప్పు ఇస్తామనే యాప్, వాటి కింద ఆ ఆడమనిషి. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఫోను మూసేశాను.

మర్నాడు ప్రొద్దున బిడ్డను తీసుకుని బడికి రమ్మన్నాను. రానన్నాడు. సార్లతోని మాకెందుకు మేడం, పిల్లను ఇంటికాడ ఉంచుకుంట, పరీక్షలకు మాత్రం పంపుత అన్నాడు. తప్పు చేసినవాళ్లు బడిలో ఉండి, చేయని పిల్ల ఇంట్లో ఉండడం ఏమిటని చాలాసేపు చెప్పాను. చివరికి ఒప్పుకున్నాడు.

ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద మేడం గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. బిడ్డ ఆయన వెనక నిలబడింది. లెక్కల సారును పిలిపించారు. నేను జరిగింది చెప్పాను. సారు కొంచెం కూడా తొణకలేదు. శిక్షకుడి గొంతు పెట్టి వివరించడం మొదలుపెట్టాడు. లింకులో ఒక్క అక్షరం మారినా వేరేచోటికి పోతుందట. పిల్లలు శ్రద్ధగా రాసుకోరట. తర్వాత గొంతు తగ్గించి తండ్రి వైపు తిరిగాడు.

"చూడు అన్నా, ఈ వయసు పిల్లలు ఏవేవో చూస్తుంటరు. దొరికినంక లింకు మీదికి నెడుతరు. మీరే జర కనిపెట్టుకోవాలె."

ఆ మనిషి తల దించుకున్నాడు. వెనక నిలబడ్డ పిల్ల చున్నీ అంచును పిడికిట్లో పట్టుకుంది. నా జీవితంలో చాలామంది పనికిరాని టీచర్లను చూశాను. నిద్రపోయేవాళ్లను చూశాను, చిట్టీలు నడిపేవాళ్లను చూశాను. తన చేతకానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి పదిహేనేళ్ల పిల్ల మీద, తండ్రి ముందరే, అంత తేలికగా బురద చల్లినవాడిని చూడలేదు. అప్పటిదాకా ఆయన మీద నాకున్నది చిరాకు. ఆ క్షణం నుంచి అది అసహ్యమే.

"సార్, మీ ఫోన్ల మీరే తెరువున్రి. ఇప్పుడే, ఇక్కడనే" అన్నాను.

నెట్ సరిగా లేదన్నాడు. పెద్ద మేడం టేబులు మీది వైఫై పెట్టె పచ్చగా వెలుగుతోంది. ఇప్పుడెందుకు మేడం, తర్వాత చూద్దామన్నాడు. నేను కదలలేదు. తప్పనిసరై తెరిచాడు. తన జాబితాలోంచి, తను చేసిన లింకును, తన వేలితోనే నొక్కాడు. అక్షరం మారడానికి వీల్లేదు. పేజీ వచ్చింది. ఆయన ఫోనును టేబులు మీద బోర్లించాడు. కానీ అప్పటికే పెద్ద మేడం చూసింది. అందరం చూశాం.

తర్వాత ఆ తండ్రి ఒక్క మాట అడిగాడు.

"సార్, పిల్లలకు ఇచ్చే ముందుగాల మీరు తెరిచి చూడలేదా?"

"అన్ని లింకులు తెరిచి చూడాలంటే టైం ఏడ ఉంటదన్నా" అన్నాడు లెక్కల సారు.

అంటే ఆయన ఇచ్చినవాటిని ఆయనే తెరవలేదు. తెరవమని పిల్లలను నిలబెట్టి తిట్టాడు. తెరవలేదని మార్కులు కోశాడు. ఎంతమంది తెరిచారో గీతల బొమ్మ రోజూ అందరికీ చూపించుకున్నాడు. తను మాత్రం తెరవలేదు.

తండ్రి వెనక్కి తిరిగి బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, "గల్తీ మేరీచ్ హై బేటా" అన్నాడు. తప్పు నాదే బిడ్డా అని. తప్పు అని ఆ గదిలో ఒప్పుకున్నది ఆయన ఒక్కడే. ఆ పిల్ల తండ్రి వైపు చూడలేదు. లెక్కల సారు వైపే చూస్తోంది. ఆయన జేబురుమాలు తీసి ఫోను అద్దం తుడుచుకుంటున్నాడు.

పెద్ద మేడం గొంతు సవరించుకుని, జరిగిందేదో జరిగింది, దీన్ని ఇంతటితో వదిలేద్దాం, పాపను రేపటి నుంచి పంపించండి అంది. వాళ్లు పోయాక నన్ను ఆపింది. ఒక విద్యా వేదికవాళ్లు మన బడిని చూడ్డానికి వస్తున్నారని, ఇట్లాంటి సమయంలో ఈ మాట బయటికి పొక్కితే బడి పరువు ఏం కావాలని అడిగింది. పిల్ల పరువు సంగతి ఏమిటని అడిగాను. ఆ సంగతి అయిపోయింది కదా అంది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఆమె. ఇంత సర్వీసులో ఆమె నేర్చుకున్నది ఏ సంగతి ఎప్పుడు అయిపోయిందో ప్రకటించడం.

ఆ పిల్ల మర్నాడే వచ్చింది. నేను భయపడ్డట్టు ముడుచుకుని ఏమీ కూర్చోలేదు. లెక్కల పీరియడులో సారు ఎప్పటిలాగే బోర్డు మీద లింకు రాశాడు. సైటు మార్చాడు, ఇది మూడోది. ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, ఇది మీరు తెరిచి చూసిన్రా?"

ఆమె గొంతులో వెటకారం లేదట. పక్క క్లాసులో ఉన్న నాకు ఇది పిల్లలే తర్వాత చెప్పారు. ఆయన కూర్చోమన్నాడు. కూర్చుంది. కానీ ఇంకో పిల్ల లేచి అదే అడిగింది. మర్నాడు లింకు రాయగానే మళ్లీ ఎవరో అడిగారు. ఎవరూ అల్లరి చేయలేదు, నవ్వలేదు. లింకు రాసినప్పుడల్లా ఒకరు లేచి, మర్యాదగా, అదే మాట అడిగి కూర్చునేవారు. ఆయన నా దగ్గరికి వచ్చాడు. పనిబడినప్పుడు అక్కా అంటాడు, లేనప్పుడు మేడం అంటాడు. అప్పుడు అక్కా అన్నాడు. మీ పిల్లలకు జర చెప్పండక్కా, నన్ను అవమానిస్తున్నారన్నాడు. వాళ్లు అడిగిన దానికి అవునని చెప్పగలిగితే అవమానం ఎక్కడుందన్నాను. ఆయనకు అది అర్థం కాలేదు. అయినా లింకులు తగ్గాయి. కొన్ని రోజులు బోర్డు మీద మళ్లీ లెక్కలు కనిపించాయి. అలవాటు తప్పిన చేయి కదా, రెండుచోట్ల తప్పులు పోతే పిల్లలే సరిచేశారు.

విద్యా వేదికవాళ్లు వచ్చారు. పెద్ద మేడం గోడ మీది గీతను చూపించింది. విదేశాల పేర్లు చదివింది. వాళ్లు ఒక్క క్లాసులోకి కూడా పోలేదు. ఒక్క లింకు కూడా తెరవలేదు. శాలువా, మెమెంటో ఇచ్చి ఆయనను వినూత్న ఉపాధ్యాయుడు అన్నారు. మైకు ముందు ఆయన, మారుమూల బొగ్గుబాయి పిల్లల చేతికి ప్రపంచాన్ని అందించానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. చేతులు ఖాళీ లేకుండా చూసుకోవడం కూడా ఒక్కోసారి అవసరం. పెద్ద మేడం కోరుకున్నది ఆమెకు దొరికింది. ఆ ఫోటో పేపర్లో ఒక మూలకు పడింది.

సంక్రాంతి దాటి పరీక్షలు దగ్గరపడుతుండగా ఆ మూడో సైటు కూడా చేతులెత్తేసింది. ఏ లింకు నొక్కినా, గడువు తీరిపోయింది, పైసలు కట్టండి అని రాసి ఉన్న ఒకే పేజీ వచ్చేది. లెక్కలు, సైన్సు, అన్నీ అంతే. ఆయన సర్వర్ ప్రాబ్లం అన్నాడు. రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నాడు. సర్దుకోలేదు. ఆ సైటువాళ్ల మీద విరుచుకుపడ్డాడు, మోసగాళ్లన్నాడు. పోయినవాటిలో ఏముండేదో గుర్తున్న నాకు పెద్దగా దిగులు కలగలేదు. దిగులల్లా పిల్లల లెక్కల గురించే. జూన్ నుంచి వాళ్లకు సగం పాఠాలే అందాయి.

స్పెషల్ క్లాసులు పెట్టించాను. పక్క బడిలోంచి ఒక లెక్కల టీచరమ్మను సాయంత్రాలు రమ్మని బతిమిలాడుకున్నాను. ఆమె మొదటిరోజు పాఠ్యపుస్తకాలు తీయమంది. పిల్లలు తీశారు. కొందరి పుస్తకాల్లో పేజీలు ఇంకా విడిపోలేదు, కొత్త కాగితం వాసన వస్తోంది. ఆమె నా వైపు చూసింది. సుద్దముక్క తీసుకుని మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టింది. మెకానిక్ షాపాయన చీకటి పడకముందే వచ్చి గేటు దగ్గర బండి మీద కూర్చునేవాడు. క్లాసు వదిలేదాకా ఉండి బిడ్డను ఎక్కించుకుని పోయేవాడు. దారిలో వాళ్ల సందులోనే దిగే ఇంకో పిల్లను కూడా వెనకాల కూర్చోబెట్టుకునేవాడు. లెక్కల సారు ఆ గేటు నుంచి పోవడం మానేసి వెనక గేటు నుంచి పోయేవాడు. తన స్కూటరు సర్వీసింగును కూడా ఆ సందులోంచి తప్పించి రామగుండం స్టేషన్ దగ్గరికి మార్చుకున్నాడని విన్నాను. క్షమించమని ఒక్క మాట అనడం కంటే అంత దూరం బండి నడుపుకుపోవడం ఆయనకు సుఖంగా ఉంది.

హాల్‌టికెట్లు ఇచ్చే రోజు పదో తరగతి పిల్లలు టీచర్ల కాళ్లకు మొక్కి దీవెన తీసుకోవడం మా బడిలో ఆనవాయితీ. ముస్లిం పిల్లలు మొక్కరు, ఎదురుగా నిలబడి సలాం చేస్తారు, మేము తల మీద చెయ్యి పెడతాం. వరండాలో వరుసగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పెద్ద మేడం, తర్వాత లెక్కల సారు, తర్వాత నేను. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆయన ప్రతి తల మీదా చెయ్యి పెట్టి, కష్టపడి చదువు, మంచి పేరు తేవాలె అంటున్నాడు.

ఆ పిల్ల వచ్చింది. పెద్ద మేడం ముందు ఆగి సలాం చేసింది. పక్కన లెక్కల సారు ముందుగానే చెయ్యి ఎత్తి పెట్టుకున్నాడు. ఆమె ఆయన ముందర కూడా ఆగింది. సలాం చేయలేదు, తల వంచలేదు. నమస్తే సార్ అని మామూలుగా అని, జరిగి నా ముందుకు వచ్చింది. ఆయన చెయ్యి గాల్లో ఉండిపోయింది. దించుకుంటాడేమో అనుకున్నాను. దించలేదు. వెనక వస్తున్న పిల్లాడి తల దాని కిందికి వచ్చేదాకా అట్లాగే ఉంచి, కష్టపడి చదువు, మంచి పేరు తేవాలె అన్నాడు.

ఆమెకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. అమ్మాయిల జూనియర్ కాలేజీలో ఎంపీసీ తీసుకుంది. వాళ్ల నాన్న ఆమెకు సొంతంగా ఒక ఫోను కొనిచ్చాడు. ఈ వేసవిలో లెక్కల సారును శిక్షకుడిగా తీసుకున్నారు. పిల్లలకు పాఠం అందించే కొత్త పద్ధతుల మీద ఆయన ఊరూరా టీచర్లకు క్లాసులు తీసుకుంటున్నాడు. నాకూ పిలుపొచ్చింది. ఏసీ ఉందట. నేను పోలేదు.